చెమట పట్టినా వేణువు గడ్డం మీద నిలవాలంటే

చైత్రమాసం, శ్రీరామనవమి పందిరి. నెత్తిన తాటాకుల నీడ ఉంది, గాలి మాత్రం లేదు. వర్ణం పూర్తయ్యేసరికి కింది పెదవి కింద ఉన్న పల్లంలో చెమట చేరింది. రెండో కృతి చరణానికి వచ్చేసరికి వేణువు నువ్వుగింజంత లోపలికి దొర్లింది. ఎదురుగా కూర్చున్నవాళ్లకు ఆ కదలిక కనపడదు. కానీ పంచమం కాస్త దిగిందని, నాదం మూసుకుపోయిందని చెవికి తెలిసిపోతుంది. వాయించేవాళ్లకు టెన్షన్ మొదలవుతుంది. టెన్షన్‌తో చెమట ఇంకా పెరుగుతుంది.

నేను మొదటిసారి పందిట్లో వాయించినప్పుడు జరిగింది ఇదే. అప్పుడు దాదాపు అందరూ చేసే పనే నేనూ చేశాను, వేణువును గడ్డానికి గట్టిగా అదిమిపెట్టాను. అలా అదిమితే కింది పెదవి నలిగి పలచబడుతుంది, ఊదే గాలి దారి మారిపోతుంది, తారస్థాయి (పై స్వరాలు) పలకదు. పైగా తడి చర్మం మీద ఎంత అదిమితే వేణువు అంత తేలిగ్గా పక్కకు తప్పుకుంటుంది. ఆ తర్వాత చాలా వేసవులు వాయించి, నేర్పించి, నేను తెలుసుకున్నది ఒకటే. చెమట పడితే జారిపోతోందంటే, చేతులు మోయాల్సిన బరువును గడ్డం మోస్తోందన్నమాట. ముందు చేతులు సరిచేయాలి. తుడుచుకోవడం, టేపు అంటించడం తర్వాత సంగతి. అందుకే ఈ మార్గదర్శిలో మెట్లు ఆ వరసలోనే ఉన్నాయి, దయచేసి టేపు దగ్గరికి ముందే దూకకండి.

ఇక్కడ చెప్పేది ప్రధానంగా కర్ణాటక సంగీతంలో వాయించే ఎనిమిది స్వర రంధ్రాల వెదురు వేణువు గురించి. లోహపు ఫ్లూట్ వాయించేవాళ్లకు చివర్లో కొంత విడిగా చెప్పాను.

ఎందుకు జారుతుంది?

డబ్బు లెక్కపెట్టేటప్పుడు వేలు తడి చేసుకుంటాం కదా. కొద్దిపాటి తేమ ఉంటే చర్మానికి పట్టు పెరుగుతుంది. అదే వేలు నీళ్లలో ముంచి తీసి లెక్కపెట్టండి, నోట్లు జారిపోతాయి. గడ్డం మీద కూడా అంతే. కాస్త చెమ్మ మంచిదే, పొరలా నిలిచిన చెమటే చెడ్డది. అందువల్ల మన లక్ష్యం గడ్డాన్ని పొడిపొడిగా ఎండబెట్టడం కాదు, చెమట పొరగా చేరకుండా చూడటం.

ఇది ఊరిని బట్టి మారుతుంది. హైదరాబాద్ ఎండలో గాలి పొడిగా ఉంటుంది, చెమట ఎప్పటికప్పుడు ఆరిపోయి చర్మం మీద ఉప్పు మిగులుతుంది. కాకినాడలోనో విశాఖలోనో సముద్రపు ఉక్కపోతలో చెమట ఆరదు, అలాగే నిలిచిపోతుంది. వేదిక పక్కన కూలర్ పెడితే హైదరాబాద్‌లో హాయిగా ఉంటుంది. కోస్తాలో అదే కూలర్ గాలికి ఇంకాస్త తేమ కలుపుతుంది.

ఇంకో కారణం చాలామంది గమనించరు. వేడికి వేణువు శ్రుతి పెరుగుతుంది. గాలిలో ధ్వని వేగం 20 డిగ్రీల దగ్గర సెకనుకు సుమారు 343 మీటర్లయితే, 40 డిగ్రీల దగ్గర 355 దాకా ఉంటుంది. వేణువులో కంపించేది గాలే కాబట్టి స్వరం పైకి వెళ్తుంది. ఎలక్ట్రానిక్ తంబురా మాత్రం పెట్టిన శ్రుతి దగ్గరే ఉంటుంది. అది విని మన చెవి పెదవికి చెబుతుంది, మనకు తెలియకుండానే వేణువును లోపలికి తిప్పుకుంటాం. లోపలికి తిప్పితే ముఖరంధ్రం (ఊదే రంధ్రం) మీద పెదవి ఎక్కువ కప్పుకుని శ్రుతి తగ్గుతుంది. అలా సగం తిప్పిన వేణువు కింద చెమట చేరితే మిగతా సగం అదే దొర్లుతుంది. అందుకే మండువేసవి కచేరీకి ముందు వేణువును పది నిమిషాలు వాయించి, అది వేడెక్కాక తంబురా శ్రుతిని వేణువుకు తగ్గట్టు సవరించుకోండి. జారడంలో కొంత భాగం ఈ ఒక్క పనితోనే తగ్గుతుంది.

మొదటి మెట్టు: ఎటు జారుతోందో చూసుకోండి

ఫోనును మీ ముఖానికి ఎదురుగా పెట్టి, చెమట పట్టేలా ఫ్యాను ఆపి, ఇరవై నిమిషాలు వాయిస్తూ వీడియో తీసుకోండి. వేణువు మీద ముఖరంధ్రానికి సరిగ్గా పైన పెన్సిల్‌తో చిన్న గీత పెట్టుకుంటే కదలిక తేలిగ్గా తెలుస్తుంది.

గీత మీ వైపు గానీ బయటికి గానీ తిరుగుతుంటే వేణువు దొర్లుతోంది. లోపం చేతుల్లో ఉంది. వేణువు మొత్తం పెదవి నుంచి గడ్డం కిందికి దిగిపోతుంటే కుడిచెయ్యి అలసి వాలిపోతోందని అర్థం, చాలాసార్లు తల కూడా దానితో పాటే వంగుతుంది. ఇక ముఖరంధ్రం పెదవి మధ్య నుంచి పక్కకు వెళ్తుంటే ఎడమచెయ్యి లాగుతోంది, లేదా మీరు మృదంగం వైపు, వయొలిన్ వైపు తల తిప్పినప్పుడు చేతులు కదలకుండా అక్కడే ఉండిపోతున్నాయి. పక్కవాద్యాల వైపు చూడాలంటే తలనొక్కదాన్నే కాకుండా నడుము దగ్గర నుంచి వేణువుతో సహా తిరగడం అలవాటు చేసుకోండి.

నా దగ్గరికి వచ్చే విద్యార్థుల్లో ఎక్కువమందిది మొదటి రకమే.

రెండో మెట్టు: మూడు ఊతాలు

వేణువు మూడు చోట్ల ఆనుకుని నిలబడుతుంది. ఒకటి గడ్డం. రెండోది ఎడమ చూపుడువేలి మొదలు, అంటే వేలు అరచేతిలో కలిసే చోట ఉండే పక్కభాగం. మూడోది కుడి బొటనవేలు. ఎడమ చూపుడువేలి మొదలు వేణువును మెల్లగా మీ వైపు తోస్తుంది. కుడి బొటనవేలు కింద ఆనుతూనే కొద్దిగా బయటికి, మీకు దూరంగా తోస్తుంది. గడ్డం ఏమీ తోయదు, వచ్చిన దాన్ని ఆపుతుందంతే. తూకంలా ఈ మూడూ సరిపోతే వేళ్లన్నీ ఎత్తినా వేణువు కదలదు.

సరిపోయిందో లేదో ఇలా చూసుకోండి. వేణువు పెట్టుకుని, ఊదకుండా, స్వర రంధ్రాల మీద ఉన్న వేళ్లన్నీ ఒకేసారి ఎత్తండి. ఈ రెండు చేతి ఊతాలను మాత్రం వదలకండి. వేణువు దొర్లిందా? అయితే అంతవరకు రంధ్రాల మీద ఉన్న వేళ్లే దాన్ని పట్టుకుని ఉన్నాయి. వాయించేటప్పుడు ఎక్కువ రంధ్రాలు తెరిచే స్వరాలు వచ్చిన ప్రతిసారీ ఆ పట్టు పోతుంది, ఆ బాధ్యత గడ్డం మీద పడుతుంది. పొడి గడ్డం దాన్ని ఎలాగో నెట్టుకొస్తుంది. తడి గడ్డానికి అది చేతకాదు.

సరిదిద్దుకోవడానికి పది రోజులు చాలు. మాయామాళవగౌళ రాగంలో సరళీ వరుసలు (మొదటి పాఠాలు) మొదటి కాలంలోనే, అంటే నెమ్మది వేగంలోనే వాయించండి. ఒక్కో స్వరం మారేటప్పుడు వేలు ఎత్తే ముందు కుడి బొటనవేలు తన చోట ఉందా అని మనసులో చూసుకోండి. వేళ్లు రంధ్రం నుంచి ఒక సెంటీమీటరు కన్నా ఎత్తుకు లేవకూడదు. ఎత్తుకు లేచిన వేలు దిగేటప్పుడు వెదురును కొడుతుంది, ఒక్కో దెబ్బకీ వేణువు కొంచెం తిరుగుతుంది. ఒక్కో స్వరాన్ని రెండేసిసార్లు పలికించే జంట వరుసల్లో ఈ దెబ్బలు ఎక్కువ పడతాయి కాబట్టి అక్కడ ఇంకా జాగ్రత్త. కుడి చిటికెనవేలు బిగుసుకుంటే బొటనవేలు కూడా బిగుసుకుంటుంది, దాన్ని వదులుగా ఉంచండి.

భుజాల సంగతి కూడా ఒక మాట. కింద కూర్చుని వాయించేటప్పుడు కుడి మోచేయి తొడకు ఆనుకుపోతే వేణువు చివర కిందికి వాలుతుంది. మోచేయికీ పక్కటెముకలకూ మధ్య పిడికిలి పట్టేంత ఖాళీ ఉంచండి. చంకల్లో గాలి ఆడి చెమట కూడా తగ్గుతుంది.

మూడో మెట్టు: గడ్డం మీద సరైన చోటు

కింది పెదవికీ గడ్డపు ఎముకకూ మధ్య ఒక పల్లం ఉంటుంది. వేణువు కూర్చోవలసింది అక్కడ. పల్లం కన్నా కిందికి, ఎముక మీదికి దిగితే అది గుండ్రటి రాయి మీద పెట్టిన కర్రలా ఉంటుంది, తడి లేకపోయినా నిలవదు.

చోటు దొరకడానికి పాత పద్ధతే మంచిది. ముఖరంధ్రాన్ని రెండు పెదవులు కలిసే గీత మీద ఆనించండి. అక్కడి నుంచి వేణువును నెమ్మదిగా బయటికి తిప్పుతూ, రంధ్రం లోపలి అంచు కింది పెదవి అంచుకు తగిలే దాకా తీసుకురండి. రంధ్రంలో పావు వంతు నుంచి మూడో వంతు దాకా పెదవి కప్పితే చాలు. ప్రతి సాధన మొదట్లో పదిసార్లు వేణువును దించి, మళ్లీ ఇలాగే పెట్టుకుని, షడ్జం ఒక్కటి ఊదండి. పదిసార్లూ ఒకే నాదం రావాలి. కచేరీలో చెమట తుడుచుకుని మళ్లీ పెట్టుకునేటప్పుడు ఈ అలవాటే మిమ్మల్ని కాపాడుతుంది. వెతుక్కోనవసరం లేకపోతే తుడుచుకోవడానికి భయం ఉండదు.

పెదవిని నవ్వినట్టు పక్కలకు లాగి వాయించేవాళ్లకు ఈ పల్లం చదునైపోతుంది. పెదవి మూలలను కాస్త కిందికి, వదులుగా ఉంచితే పల్లం మెత్తగా ఉండి వెదురును పట్టుకుంటుంది.

నాలుగో మెట్టు: చర్మం

కచేరీకి అరగంట ముందు ముఖం సబ్బుతో కడుక్కోండి. వేసవిలో జారేది చెమట ఒక్కటే కాదు, చర్మం మీది జిడ్డు చెమటలో కలిసి ఇంకా జారుడవుతుంది. కడుక్కున్నాక గడ్డానికి క్రీము గానీ, పౌడరు గానీ రాయకండి. పౌడరు మొదట పది నిమిషాలు బాగున్నట్టే ఉంటుంది, తర్వాత చెమటతో కలిసి పేస్టులా మారుతుంది, ఊపిరి తీసినప్పుడు గొంతులోకి పోయే ప్రమాదం కూడా ఉంది. చంకలకు వాడే చెమట నిరోధకాలు పెదవి దగ్గర వద్దు.

పెదవులు పగిలితే లిప్ బామ్ గంట ముందే రాసుకుని, ఎక్కే ముందు పూర్తిగా తుడిచేయండి. పెళ్లి కచేరీల్లో, టీవీ కార్యక్రమాల్లో మేకప్ వేస్తామంటారు. మిగతా ముఖానికి వేయించుకోండి, కింది పెదవి నుంచి గడ్డం దాకా వదిలేయమని మొహమాటపడకుండా చెప్పండి. మగవాళ్లు ఆ పూట ఉదయమే గడ్డం గీసుకుంటే చెమట ఉప్పు తగిలి మంట పుడుతుంది, ముందురోజు సాయంత్రం గీసుకోవడం నయం.

శరీరం వేడి తగ్గితే ముఖం మీద చెమట తగ్గుతుంది. తడి గుడ్డ మెడ వెనక, మణికట్టుల మీద ఐదు నిమిషాలు పెట్టుకోండి. నూలు చొక్కా, నూలు చీర వేసుకోండి. మంచినీళ్లు తాగడం తగ్గించకండి, చెమట పడుతుందని నీళ్లు మానేస్తే నోరు ఎండి నాదం గాలిగాలిగా వస్తుంది. శ్రీరామనవమి నాడు పానకం ఇస్తారు, కాదనలేం. తాగండి, కానీ వెంటనే నీళ్లతో పుక్కిలించి పెదవులు కడుక్కోండి. బెల్లపు జిగురు మీద చెమట పడితే పెదవి ఒకచోట అతుక్కుని ఇంకోచోట జారుతుంది.

ఐదో మెట్టు: వెదురు

వెదురు పైతొక్క సహజంగానే నున్నగా ఉంటుంది. దాని మీద వార్నిష్ వేసిన వేణువులైతే చెమటలో ఇంకా జారతాయి. కొనేటప్పుడే గడ్డం ఆనే చోట వార్నిష్ లేనిది చూసుకోవడం మంచిది.

వెదురు పగలకుండా లోపల నూనె రాసే అలవాటు చాలామందికి ఉంది, మంచి అలవాటే. అయితే కచేరీకి కనీసం రెండు రోజుల ముందు రాయండి. తర్వాత బయట అంటిన నూనెను, ముఖ్యంగా ముఖరంధ్రం చుట్టూ, పొడి నూలు గుడ్డతో పూర్తిగా తుడవండి. వేణువు ఉన్నట్టుండి ఈ మధ్యే జారడం మొదలైందని ఒక అమ్మాయి వస్తే, చూసేసరికి ముందురోజు రాసిన నూనె ముఖరంధ్రం అంచుల మీద మెరుస్తోంది. గుడ్డతో తుడిచాక ఇంకేమీ చేయాల్సిన అవసరం రాలేదు.

సన్నటి గరుకు కాగితంతో నునుపు తీసేయమని కొందరు సలహా ఇస్తారు. నేను ఆ పని చేయను. వెదురు మీద ఒకసారి గీకినది తిరిగి రాదు, చెయ్యి తప్పి ముఖరంధ్రం అంచు అరిగితే ఆ వేణువు నాదమే పోతుంది.

ఆరో మెట్టు: టేపు

పై మెట్లన్నీ అయ్యాక ఇంకా జారుతుంటే అప్పుడు టేపు. మందుల దుకాణంలో దొరికే మైక్రోపోర్ అనే కాగితపు టేపు దీనికి సరిగ్గా సరిపోతుంది. గాయాల కట్టుకు వాడేది కాబట్టి చర్మానికి మెత్తగా ఉంటుంది, కొంత చెమటను పీల్చుకుంటుంది. పాశ్చాత్య ఫ్లూట్ కళాకారులు ఇదే పనికి పోస్టు స్టాంపు అంటించుకోవడం పాత చిట్కా. స్టాంపు కాగితపు గరుకుతనమే అక్కడా పని చేసేది.

టేపును రెండు సెంటీమీటర్ల పొడవు, ఒక సెంటీమీటరు వెడల్పు కత్తిరించండి. మూలలు గుండ్రంగా చేయండి, లేకపోతే అవే ముందు లేస్తాయి. వేణువు మీద గడ్డం ఆనే చోటును పొడి గుడ్డతో తుడిచి, ముఖరంధ్రం అంచుకు మూడు నాలుగు మిల్లీమీటర్ల దూరం వదిలి, మీ వైపు అంటించి వేలితో నిమరండి. ఆ దూరం తప్పనిసరి. టేపు అంచు రంధ్రం దాకా వస్తే పెదవికి మెట్టులా తగిలి చోటు తెలియదు. ఒక్క పొర చాలు. రెండు మూడు పొరలు వేస్తే వేణువు గడ్డం నుంచి ముందుకు జరిగినట్టయి గాలి కోణం మారుతుంది. ఒక పొరకు కూడా పెదవి అలవాటు పడాలి, కాబట్టి కచేరీ రోజు కాక వారం ముందే మొదలుపెట్టండి.

జిగురుగా ఉండేవి, రెండువైపులా అంటుకునే టేపులు, రబ్బరు ముక్కలు వద్దు. దీనికి సంగీతపరమైన కారణం ఉంది. మాలిగా పేరు పొందిన టి.ఆర్. మహాలింగం (1926-1986) వేణువు మీద గాత్రంలా గమకాలు (స్వరాన్ని ఊపే, జార్చే పలుకులు) పలికించారు. ఆ బాటలో వాయించే మనకు వేళ్లతో పాటు పెదవి దగ్గర వెంట్రుకవాసి కదలిక కూడా గమకంలో భాగమే. తోడి రాగంలో గాంధారాన్ని ఊపాలంటే వేణువు నిలకడగా ఉండాలి కానీ అతుక్కుపోకూడదు. అతుక్కుపోయిన వేణువు మీద స్వరాలు వస్తాయి, రాగం రాదు.

ఏడో మెట్టు: వేదిక మీద

రెండు నూలు తువ్వాళ్లు తీసుకెళ్లండి. చిన్నది కుడి తొడ మీద, రెండోది పక్కన. కొత్త తువ్వాలు చెమట పీల్చదు, నాలుగైదుసార్లు ఉతికినది కావాలి. తుడిచేటప్పుడు రుద్దకండి, అద్దండి. రుద్దితే చర్మం వేడెక్కి మళ్లీ చెమట పడుతుంది. ముందు వేణువు, తర్వాత గడ్డం.

ఎప్పుడు తుడుచుకోవాలో ముందే అనుకోండి. రాగాలాపనలో వయొలిన్ వంతు వచ్చినప్పుడు నిదానంగా తుడుచుకోవచ్చు. కల్పనస్వరాల్లోనూ (అప్పటికప్పుడు అల్లే స్వరాల్లో) వయొలిన్ జవాబు చెప్పే వ్యవధి ఉంది, చివర్లో చిన్న చిన్న ముక్కలుగా సాగేటప్పుడు మాత్రం కుదరదు. తని ఆవర్తనం, అంటే తాళవాద్యాలు మాత్రమే వాయించే భాగం, పూర్తిగా మీకు విరామం. అప్పుడు గడ్డంతో పాటు బొటనవేళ్లు, ఎడమ చూపుడువేలి మొదలు కూడా తుడవండి. గడ్డం మీదే దృష్టి పెట్టి ఈ ఊతాలను మరిచిపోతాం, నిజానికి ముందు జారేది చాలాసార్లు కుడి బొటనవేలే. కృతి మధ్యలో తప్పనిసరి అయితే పల్లవి ముగిసి అనుపల్లవి ఎత్తుకునే చోట ఒక్క అద్దు చాలు.

ఫ్యాను ఎదురుగా పెట్టించుకోకండి. ఎదురు గాలి ముఖరంధ్రం మీద మీరు ఊదే గాలిని చెదరగొడుతుంది, మంద్రస్థాయి (కింది స్వరాలు) అసలు పలకదు, మైకులో హోరు వస్తుంది. ఫ్యాను వెనక నుంచి, వీపుకు తగిలేలా పెట్టమనండి. నిర్వాహకులు మంచి మనసుతో ముందుకు తిప్పుతారు, మళ్లీ వెనక్కి పెట్టించండి.

అదే శ్రుతిలో రెండో వేణువు ఉంటే టేపు అంటించి పక్కన సిద్ధంగా ఉంచండి. ఎండలో గానీ, ఆపి ఉంచిన కారులో గానీ పెట్టకండి, పగులుతుంది.

తడి సాధన

ఇది నాకు అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసిన అభ్యాసం. ఇంట్లో, వారానికి రెండుసార్లు, గడ్డం కావాలనే నీళ్లతో తడుపుకోండి. తుడుచుకోకుండా ఒక్కో స్వరం పన్నెండు అక్షరాల (తాళపు లెక్కల) సేపు నిలపండి, తర్వాత అలంకారాలు రెండు కాలాల్లో వాయించండి. జారితే అదమకండి, వాయించడం ఆపి మూడు ఊతాలు చూసుకుని మళ్లీ మొదలుపెట్టండి. మొదటి వారం చిరాకు వస్తుంది. మూడు నాలుగు వారాలకు చేతులు పని అందుకుంటాయి, గడ్డం మీద ఒత్తిడి తగ్గినట్టు మీకే తెలుస్తుంది, నాదం కూడా విచ్చుకుంటుంది.

లోహపు ఫ్లూట్ వాయించేవాళ్లకు

వెదురు వేణువు బరువు చుట్టూ సమానంగా ఉంటుంది. లోహపు ఫ్లూట్ మీద మీటలు, కడ్డీల బరువు వాయించేవాళ్ల వైపు ఉండటంతో అది తనంతట తానే లోపలికి దొర్లాలని చూస్తుంది. కాబట్టి కుడి బొటనవేలు బయటికి తోయడం ఇక్కడ ఇంకా ముఖ్యం. పెదవి పలక (గడ్డం ఆనే లోహపు పలక) మీద మైక్రోపోర్ పైన చెప్పినట్టే అంటించవచ్చు. చెమటకు వెండి నల్లబడుతుంది, అందుకే వాయించడం అయిన వెంటనే పలకను మెత్తటి గుడ్డతో తుడవాలి. నికెల్ కలిసిన పూత వల్ల కొందరికి గడ్డం మీద దురద, దద్దుర్లు వస్తాయి. టేపు కొంత అడ్డుగా పనికొస్తుంది కానీ, దద్దుర్లు తగ్గకపోతే చర్మవైద్యులకు చూపించుకోండి.

కచేరీ అయ్యాక

టేపును ఆ రాత్రే తీసేయండి. చెమట నానిన టేపు వెదురు మీద రోజుల తరబడి ఉంటే కింద నల్లటి మచ్చ పడుతుంది, గడ్డం మీద మొటిమలు కూడా వస్తాయి. ఒక మూల నుంచి నెమ్మదిగా లాగండి. జిగురు మిగిలితే ఒక్క చుక్క కొబ్బరినూనె వేలికి అద్దుకుని రుద్ది, తడి గుడ్డతో, తర్వాత పొడి గుడ్డతో తుడవండి. స్పిరిట్ వాడకండి, వార్నిష్ ఉంటే లేచిపోతుంది. లోపలి తేమను గుడ్డ చుట్టిన పుల్లతో తీసి, వేణువును సంచిలో పెట్టే ముందు అరగంట నీడలో ఆరనివ్వండి. తువ్వాళ్లను ఆ రాత్రే ఉతికి ఆరేయండి, తర్వాతి కచేరీకి వాటిలో పాత ఉప్పు, జిడ్డు మిగలకూడదు.